30 ఏళ్ళు ఉండే లెన్స్‌కి 3 ఏళ్ళ ఫైలా?

తెలుగు రాష్ట్రాల్లో ఐసీఎల్ (సైట్ తీసేయడానికి కంటి లోపల అమర్చే లెన్స్) వేసే కంటి డాక్టర్లకు, వారి సంఘాలకు బహిరంగ లేఖ

డాక్టర్లందరికీ నమస్కారం.

నేను ఖమ్మంలో ఒక కళ్ళద్దాల షాపులో చూపు పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుని. మీరు ఆపరేషన్ చేసిన వాళ్ళు మొదటి ఏడాది మీ దగ్గరికే వస్తారు. చూపు బాగుంది కదా అని ఆ తర్వాత రావడం మానేస్తారు. అయిదారేళ్ళకి ఏదో మసకగా ఉందనో, తలనొప్పి వస్తోందనో మా షాపు మెట్లెక్కుతారు. "లోపల లెన్స్ వేశారు సార్" అంటారు. ఏ లెన్స్, ఎంత పవర్, ఏ సైజు, ఏ సంవత్సరం అంటే నవ్వి ఊరుకుంటారు. చాలామంది దగ్గర డబ్బు కట్టిన రసీదు తప్ప ఇంకేమీ ఉండదు. ఈ ఉత్తరం దాని గురించే.

ఐసీఎల్‌ వద్దని రాయడం లేదు. మైనస్ 10, మైనస్ 12 పవర్‌తో చిన్నప్పట్నుంచీ సోడాబుడ్డి అద్దాలు మోసి, కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) పల్చగా ఉంది లేజర్ కుదరదని వెనక్కి వచ్చిన పిల్లలు ఐసీఎల్ తర్వాత చివరి వరస దాకా గడగడా చదువుతుంటే నాకూ సంతోషమే. కార్నియాని చెక్కకుండా, కంట్లో పుట్టుకతో ఉన్న కటకాన్ని కదిలించకుండా, దానికీ ముందున్న రంగు పొర ఐరిస్‌కీ మధ్య ఒక పల్చని లెన్స్ పెట్టి అంత పవర్‌ని సరిచేయడం గొప్ప పనే. ఇప్పటిదాకా ప్రపంచంలో 30 లక్షలకు పైగా ఇలాంటి లెన్సులు అమ్మామని దాన్ని తయారుచేసే స్టార్ సర్జికల్ కంపెనీ చెబుతోంది. మన దేశంలో వడోదర, అహ్మదాబాద్ కంపెనీలు కూడా ఈ రకం లెన్సులు చేస్తున్నాయి కాబట్టి ఖర్చు కొంత దిగింది, వేయించుకునే వాళ్ళు పెరిగారు. పెళ్ళి సంబంధాలు చూడటం మొదలుపెట్టగానే, లేదా ఎంఎస్‌కి అమెరికా వెళ్ళే ముందు ఈ ఆపరేషన్ చేయించడం మన ఇళ్ళలో మామూలైపోయింది.

వేయించుకునే వాళ్ళ వయసు 22, 25. ఆ లెన్స్ వాళ్ళకి శుక్లం వచ్చేదాకా, అంటే మామూలుగా చూస్తే మరో 30 ఏళ్ళపైన కంట్లోనే ఉండాలి. మరి రికార్డుల సంగతి? 2002 నాటి వైద్య మండలి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ల రికార్డులు చికిత్స మొదలైన రోజు నుంచి 3 ఏళ్ళు ఉంచితే చాలు. ఐసీఎల్ వేయించుకున్న వాళ్ళలో ఎక్కువమంది పొద్దున చేరి సాయంత్రానికి ఇంటికెళ్ళేవాళ్ళే. వాళ్ళని ఇన్‌పేషెంట్‌గా లెక్కేస్తారో లేదో కూడా ఆస్పత్రి ఇష్టం. 3 ఏళ్ళ తర్వాత ఫైలు లేదంటే మీరు ఏ నిబంధననీ తప్పినట్టు కాదు. కానీ సరిగ్గా ఆ 3 ఏళ్ళ తర్వాతే ఫైలుతో పని మొదలవుతుంది.

ఈ రకం లెన్సుల చరిత్ర మీకు చెప్పేంతవాణ్ణి కాదు. చదివేవాళ్ళలో మామూలు మనుషులూ ఉంటారు కాబట్టి రెండు ముక్కలు రాస్తాను. సొంత కటకం ఉండగానే కంటి ముందు గదిలో, అంటే కార్నియాకీ ఐరిస్‌కీ మధ్య, లెన్స్ పెట్టి మైనస్ పవర్ తీసేయాలని 1950లలోనే ఇటలీలో స్ట్రాంపెల్లి, స్పెయిన్‌లో బారాకెర్ ప్రయత్నించారు. మొదట్లో అందరూ బాగానే చూశారు. తర్వాత కార్నియా లోపలి పొర దెబ్బతిని చాలా లెన్సులు బయటికి తీయాల్సి వచ్చింది. 1986లో మాస్కోలో ఫ్యోదొరోవ్ ఐరిస్ వెనక పెట్టే లెన్స్ మొదలుపెట్టాడు. ఇప్పటి ఐసీఎల్‌కి మూలం అదే. ఈ మధ్య కాలానికి వస్తే, ఆల్కాన్ కంపెనీ క్యాషే అనే ముందు గది లెన్స్‌ని 2008లో యూరప్‌లో తెచ్చింది. కొన్నేళ్ళకే కార్నియా కణాలు ఎక్కువగా పోతున్నాయని తేలి మార్కెట్ నుంచి తీసేసింది. ఏడాదికీ రెండేళ్ళకీ చూసి బాగుందనుకున్నవి ఆ తర్వాత ఎదురు తిరగడం ఈ రంగంలో కొత్త కాదు.

ఐసీఎల్ సంగతే చూడండి. మధ్యలో రంధ్రం లేని పాత మోడల్‌కి అమెరికాలో 2005లో అనుమతి వచ్చింది. స్విట్జర్లాండ్‌లోని లోజాన్ డాక్టర్లు అలాంటి లెన్సులు వేసిన 133 కళ్ళని వెంటాడి చూసి 2016లో ఫలితాలు ప్రచురించారు. 10 ఏళ్ళకి సగానికి పైగా కళ్ళలో, వాళ్ళ లెక్కలో 54.8 శాతం, కటకం మీద ఎంతో కొంత మసక కనిపించింది. 18.3 శాతం కళ్ళకి శుక్లం ఆపరేషనే చేయాల్సి వచ్చింది. 5 ఏళ్ళ దగ్గర ఆ అంకె 4.9 మాత్రమే. 5వ ఏట ఆపేసి ఉంటే ఎంత ధైర్యంగా ఉండేదో ఆలోచించండి. నిజమే, ఆ రోగుల సగటు వయసు 40కి దగ్గర, మన పిల్లల కంటే పెద్దవాళ్ళు. పైగా 2011లో యూరప్‌కి వచ్చిన రంధ్రం ఉన్న కొత్త మోడల్‌లో ఈ శుక్లం గొడవ బాగా తగ్గింది. 360 మైక్రాన్ల ఆ చిన్న రంధ్రం గుండా కంటి లోపలి నీరు ముందుకు పారుతుంది, ఐరిస్‌కి లేజర్‌తో చిల్లు పెట్టాల్సిన పని కూడా తప్పింది. మెరుగుదలని కాదనను. కానీ ఆ మోడల్‌ని అందరికంటే ముందు వేయించుకున్న వాళ్ళకి కూడా ఇంకా 20 ఏళ్ళు నిండలేదు. అలాంటప్పుడు బ్రోచర్ల మీద "జీవితాంతం" అనే మాట ఎలా అచ్చేస్తున్నారు?

కౌన్సెలింగ్ గదుల్లో వినే ఇంకో మాట "ఎప్పుడు కావాలంటే అప్పుడు తీసేయొచ్చు" అని. లెన్స్‌ని తీసేయొచ్చు, నిజమే. అది ఉన్నన్నాళ్ళు పోయిన కార్నియా కణాలు మాత్రం తిరిగి రావు. కార్నియా లోపలివైపు ఉండే ఆ ఒంటి పొర కణాలు మళ్ళీ పుట్టవు. పాతికేళ్ళ వయసులో చదరపు మిల్లీమీటరుకి దాదాపు 2,700 ఉన్నాయనుకుందాం. మామూలుగా ఏటా 0.6 శాతం చొప్పున తగ్గుతాయి. అంటే 65 ఏళ్ళకి 2,100 మిగులుతాయి, బెంగ లేదు. అదే ఏటా 3 శాతం పోతుంటే 65 ఏళ్ళకి మిగిలేది 800. అప్పుడు శుక్లం ఆపరేషన్ చేస్తే ఇంకొన్ని పోతాయి. 500కి అటూ ఇటూ పడిపోతే కార్నియాకి నీరు పడుతుంది, మార్పిడి తప్ప దారుండదు. కార్నియా మార్పిడికి దేశమంతా పేరున్న ఆస్పత్రులు హైదరాబాద్‌లో ఉన్నాయని ధీమా పడే సంగతి కాదిది. నేత్రదానం కోసం మనం ఊరూరా తిరిగి బతిమాలుతున్నాం.

ఐసీఎల్ వేస్తే ఏటా 3 శాతం పోతాయని నేననడం లేదు. చాలామందిలో అంత పోవు. కానీ మీ రోగి ఆ చాలామందిలో ఒకడో కాదో ఒక్క పరీక్షతో తెలియదు. ఈ కణాలని లెక్కపెట్టే స్పెక్యులర్ మిషన్ ఒకసారికీ ఇంకోసారికీ ఇచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ ఉండొచ్చు. ఆపరేషన్‌కి ముందు ఎన్ని ఉన్నాయి, తర్వాత ఏటేటా ఎన్ని అని వరస రాసుకుంటూ పోతేనే ఎంత వేగంగా తగ్గుతున్నాయో కనిపిస్తుంది. ఆ మొదటి అంకె మీ దగ్గరే ఉంది. మీరు ఇవ్వకపోతే ఆరో ఏట ఎవరు ఎంత ఖరీదైన మిషన్ మీద చూసినా ఆ అంకెకి అర్థం సగమే. మా ఊరి లాంటి చోట స్పెక్యులర్ మిషన్ దొరకడమే కష్టం. హైదరాబాదో విజయవాడో పంపాలి. "చూపు బాగానే ఉందిగా, ఎందుకు సార్ అంత దూరం" అంటారు. ఏడాదికోసారి ఆ లెక్క చూపించుకోవాలని ఆపరేషన్ రోజునే రాతపూర్వకంగా చెప్పి ఉంటే నా మాట వింటారు.

సిలిండర్ (కార్నియా వంపు అన్ని వైపులా ఒకేలా లేక వచ్చే పవర్) ఉన్నవాళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. వాళ్ళకి వేసే టోరిక్ ఐసీఎల్‌లో పవర్‌తో పాటు యాక్సిస్ (ఆ సిలిండర్ ఉన్న కోణం) కూడా ఉంటుంది, అది సరైన కోణంలో కూర్చోవాలి. లెన్స్ 1 డిగ్రీ తిరిగితే సిలిండర్ సవరణలో దాదాపు 3 శాతం పోతుంది. 3 సిలిండర్ ఉన్న లెన్స్ 10 డిగ్రీలు తిరిగితే దాదాపు 1 సిలిండర్ మళ్ళీ కంటికి తగులుకుంటుంది, అదీ పాత యాక్సిస్‌లో కాదు. 30 డిగ్రీలు తిరిగితే టోరిక్ వేసిన ప్రయోజనమే ఉండదు. కళ్ళద్దాల ఫ్రేము వంకరపోతే ముక్కు దగ్గర నొక్కి సరిచేస్తాం. ఇది కంటి లోపల.

మా దగ్గరికి వచ్చిన కొత్తగూడెం కుర్రాడి కథ ఇదే. టోరిక్ లెన్స్ వేయించుకుని కొన్నేళ్ళు హాయిగా ఉన్నాడు. షటిల్ ఆడుతుంటే కాక్ వచ్చి ఎడమ కంటికి తగిలింది. రెండు రోజులకి ఎరుపు తగ్గింది కానీ అక్షరాలు పక్కకి సాగినట్టు కనిపించడం మొదలైంది. నేను చూస్తే 2 దాకా సిలిండర్, అడ్డదిడ్డమైన యాక్సిస్‌లో. "ఇంకా అద్దాలే పెట్టుకోవాలంటే అన్ని పైసలు ఎందుకు పెట్టినం సార్?" అని అడిగాడు. అద్దాలు రాసి పంపేస్తే నాకు బిల్లు అయ్యేది. లెన్స్ తిరిగి ఉంటుందని చెప్పి, ఆపరేషన్ చేయించుకున్న చోటికి వెళ్ళమన్నాను. ఆ బ్రాంచి ఎత్తేశారు. హెడ్డాఫీసుకి ఫోన్ చేస్తే అంత పాత ఫైలు సిస్టంలో లేదన్నారు.

టోరిక్ ఐసీఎల్ పెట్టెతో పాటు, ఏ కంటికి ఎన్ని డిగ్రీలు ఎటు తిప్పి కూర్చోబెట్టాలో గీసి ఉన్న ఒక కాగితం వస్తుందని మీ అందరికీ తెలుసు. ఆపరేషన్ థియేటర్లో గోడకి అంటించుకుని చూస్తారు. అయిపోయాక ఆ కాగితం ఎక్కడికి పోతుంది? అది ఆ కుర్రాడి జేబులో ఉండి ఉంటే రెండో డాక్టరుకి పని ఎంత తేలికయ్యేదో! మందు వేసి కంటిపాప పెద్దది చేసి, లెన్స్ మీద గీతలు ఎటున్నాయో చూసి, పవర్‌ని బట్టి వెనక్కి లెక్కగట్టి చివరికి సరిచేశారు. ఇప్పుడు బాగున్నాడు. కానీ పాత లెన్స్ సైజు తెలియక, మళ్ళీ తిరుగుతుందా అన్న ప్రశ్నకి ఎవరూ గట్టిగా జవాబు చెప్పలేకపోయారు. చిన్న సైజు పడితే మళ్ళీ తిరుగుతుంది కదా.

సైజు అంటే గుర్తొచ్చింది. లెన్స్‌కీ సొంత కటకానికీ మధ్య ఉండే సందు, మీరు వాల్ట్ అనేది, సుమారు 250 నుంచి 750 మైక్రాన్ల మధ్య ఉంటే మంచిదంటారు. తక్కువైతే శుక్లం భయం, లెన్స్ తిరిగే భయం. మరీ ఎక్కువైతే ఐరిస్ ముందుకి నెట్టుకొచ్చి కంట్లో ప్రెషర్ పెరిగే భయం. వయసుతో పాటు సొంత కటకం లావవుతుంది కాబట్టి ఈ సందు ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతూ వస్తుంది. ఆపరేషన్ మర్నాడు 300 ఉందని సంతోషించి వదిలేసే కొలత కాదు. ఈ అంకెని కూడా రోగికి రాసివ్వడం నేను ఒక్క చోటా చూడలేదు.

అన్నిటికంటే నన్ను టెన్షన్ పెట్టేది మాత్రం లెన్స్ కాదు, రెటీనా, అంటే కంటి వెనక గోడకుండే చూపు పొర. మైనస్ 12 ఉన్న కన్ను లెన్స్ వేసినా మైనస్ 12 కన్నే. కంటి గుడ్డు పొడవు తగ్గదు, సాగిన రెటీనా పల్చగానే ఉంటుంది, అది ఊడే ప్రమాదం ఎక్కడికీ పోదు. మామూలు మనిషి మాత్రం సైట్ పోయింది కాబట్టి జబ్బే పోయిందనుకుంటాడు. నా మిషన్ మీద కూడా వాళ్ళ పవర్ సున్నా అనే వస్తుంది. "మీకు ముందు ఎంత ఉండేది" అని నేను అడగకపోతే, "ఎక్కువే ఉండేది" అని వాళ్ళు దాటేస్తే, ఎదురుగా ఉన్నది ప్రమాదం ఉన్న కన్ను అని తెలిసే దారే లేదు. ఇదివరకు ఆ మందపాటి అద్దాలే మాకు హెచ్చరిక. మెరుపులు కనిపిస్తున్నా, నల్లటి చుక్కలు కుప్పగా రాలుతున్నా, ఒక పక్క తెర పడ్డట్టున్నా ఆ రోజే పరిగెత్తాలని, ఏమీ లేకపోయినా ఏడాదికోసారి పాప పెద్దది చేయించి రెటీనా చూపించుకోవాలని ఎంతమందికి మీరు కూర్చోబెట్టి చెబుతున్నారు? డిశ్చార్జి కాగితంలో చుక్కల మందుల పట్టిక ఉంటుంది, కంటికి నీళ్ళు తగలనివ్వొద్దని ఉంటుంది. ఇది ఉండదు.

చత్వారం సంగతీ అంతే. 40 దాటిన ఒక స్కూలు టీచరు లెన్స్ పాడైందని ఏడుపు మొహంతో వచ్చారు. పాడవలేదు, దగ్గర చూపు తగ్గే వయసొచ్చింది, చదువుకునే అద్దాలు చాలు. ఆపరేషన్ రోజునే ఈ ఒక్క వాక్యం చెప్పి ఉంటే ఆవిడకి అంత బాధ ఉండేది కాదు. రాత్రిపూట లైట్ల చుట్టూ కనిపించే వలయాల గురించి కూడా ముందే చెప్పండి, ఎక్కువమందికి కొన్నాళ్ళకి అలవాటైపోతాయి. కెరటోకోనస్ (కార్నియా పల్చబడి కోన్‌లా ముందుకి పొడుచుకొచ్చే జబ్బు) ఉండి టోరిక్ వేయించుకున్న వాళ్ళు కళ్ళు నలపకూడదని, కోన్ పెరిగితే పవర్ మళ్ళీ మారుతుందని మాత్రం గట్టిగా చెప్పాలి.

మీ దగ్గర్నుంచి కోరేది పెద్దదేమీ కాదు. ఒక కార్డు. యూరప్‌లో శరీరంలో అమర్చే పరికరాలకి కార్డు ఇవ్వాలని 2017లో చట్టమే చేశారు, 2021 నుంచి అమల్లో ఉంది. కంటి లెన్సులకీ అది వర్తిస్తుంది. మన దగ్గర చట్టం వచ్చేదాకా ఆగాల్సిన పనేముంది? లెన్స్ పెట్టెలో స్టిక్కర్లు వస్తాయి, ఒకటి మీ కేస్ షీట్‌కి అంటిస్తారు, ఇంకొకటి రోగికివ్వండి. దాంతో పాటు ఆపరేషన్‌కి ముందు పవర్, కంటి పొడవు, ముందు గది లోతు, కార్నియా కణాల లెక్క, మొదటి నెల వాల్ట్, టోరిక్ అయితే ఆ తిప్పుడు బొమ్మ. వెనకవైపు తెలుగులో ఏటేటా ఏమేం చూపించుకోవాలో, ఏం కనిపిస్తే పరిగెత్తాలో. రేపు ఈ మనిషికి శుక్లం వచ్చినప్పుడు మీలోనే ఒకరు ఐసీఎల్ తీసి ఇంకో లెన్స్ పెట్టాలి. కంటి పొడవు కొలిచే టెక్నీషియన్‌కి లోపల లెన్స్ ఉందని తెలియాలి. డల్లాస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న మన పిల్లాడి కంట్లో అక్కడి డాక్టరు ఎన్నడూ చూడని కంపెనీ లెన్స్ కనిపించొచ్చు. ఆ కార్డు వీళ్ళందరికీ పనికొస్తుంది.

రెండోది కొంచెం ఇబ్బంది పెట్టే కోరిక. మీ ఆస్పత్రిలో 5 ఏళ్ళు, 10 ఏళ్ళు దాటిన వాళ్ళలో ఎన్ని లెన్సులు తీయాల్సి వచ్చింది, ఎన్ని తిప్పి సరిచేశారు, ఎందరు అసలు తిరిగి రానే లేదు అన్న లెక్క బయటపెట్టండి. నేను అడిగిన చోటల్లా "మా దగ్గర అలాంటివేమీ రాలేదు" అన్నారు. తిరిగి రానివాళ్ళలో ఏం జరిగిందో తెలియనప్పుడు ఆ మాటకి బలం లేదు. కాంప్లికేషన్ వచ్చిన లెన్సుల గురించి వైద్య పరికరాలతో వచ్చే ఇబ్బందులని నమోదుచేయడానికి 2015లో మొదలైన మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమానికి రాయొచ్చు, ఫారం కూడా ఉంది. దాని పేరు మా వైపు ఆస్పత్రుల్లో పలికిన వాళ్ళు తక్కువ. లెన్స్ కంపెనీ మీకిచ్చే ట్రైనింగులో దీని గురించి కూడా ఒక పూట పెట్టమనండి.

ఏటా చెకప్‌కి రమ్మంటే ఫీజు, బస్సు చార్జీ, ఒకరోజు సెలవు అని వెనకాడతారు. లక్ష దాటే ప్యాకేజీలో మొదటి 5 ఏళ్ళ కణాల లెక్కనీ రెటీనా పరీక్షనీ కలిపేయండి. డబ్బు కట్టేశాం కదా అని వస్తారు, మనవాళ్ళ సంగతి మీకు తెలియంది కాదు. ప్రెషర్, చూపు, ముందు గది లాంటివి జిల్లాల్లో మాలాంటి వాళ్ళం చూసి మీకు వాట్సాప్‌లో పంపగలం. తేడా కనిపించినవాళ్ళనే మీ దగ్గరికి పంపుతాం.

కార్డు నమూనా ఒకటి నేను తయారుచేశాను. ఒక పేజీని మడిస్తే పర్సులో పడుతుంది. ఈసారి మీ రాష్ట్ర సమావేశంలో ఎవరైనా పది నిమిషాలు దానికి కేటాయిస్తానంటే పంపిస్తాను. తప్పులుంటే దిద్దండి, ఇంకేమైనా కావాలంటే చేర్చండి. ఈలోగా, ఇప్పటికే మీ దగ్గర వేయించుకున్న వాళ్ళ ఫైళ్ళు 3 ఏళ్ళు నిండాయని పాతసామాన్ల వాడికి వేసేముందు ఒక్కో ఫోన్ చేసి, వచ్చి తీసుకెళ్ళమని చెప్పండి.

ఇట్లు,
ఖమ్మంలో చూపు పరీక్షలు చేసే ఒక ఆప్టోమెట్రిస్టు